పీర్ల పండుగకు తండ్రి ఇంటికి

కాగజ్‌నగర్,
18 నవంబరు 1984

మెట్‌పల్లిలో ఉన్న చిన్నబాపుకు, బిడ్డ గంగుబాయి దండం పెట్టి రాస్తున్నది.

మేం మంచిగనే ఉన్నం. నువ్వు స్వరూపను తెచ్చి నా చేతిలో పెట్టి, చాయ కూడా తాగకుండ తిరుగు రైలెక్కినవు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు కాగితం మీద చెప్తున్న. నువ్వు పోకపోతే పిల్ల తండ్రి దగ్గర సిరిసిల్లలోనే ఉండిపోయేది.

స్వరూప తల్లి దగ్గర పెరగాలె, పీర్ల పండుగకు తండ్రి ఇంటికి పోవాలె, పండుగ కాంగనే తిరిగి రావాలె అని ఎండకాలంలో మీ అరుగు మీద కులం కూసొని చెప్పిన్రు. కొండల్ సరే అన్నడు, మా దిక్కు నుంచి కూడ సరే అన్నం. మేమిద్దరం పుల్ల విరిచి వేరైనం. తీరా మొదటి పండుగకే మాట తప్పిన్రు. దసరా సెలవులు అయిపోయినయి, బడి తెరిచిన్రు, పిల్ల రాలేదు. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. మూడోది రాసేలోపల మా అత్త పోశవ్వ పిల్లను అక్కడి బడిలోనే వేయించిందని తెలిసింది. కొండల్ చెడ్డవాడని నేను అనను. పిల్ల అంటే పాణం. కానీ తల్లి ముందర నోరు లేవదు.

అందుకని ఒకటి అనుకున్న, కోప్పడకుండ చదువు. మా గల్లీలో ఉండే కనకవ్వ తమ్ముడు రామచంద్రం కరీంనగర్‌లో వకీలు. మొన్న ఇక్కడికి వస్తే అడిగిన. కులం ముందర అనుకున్న మాటనే కాగితం మీద రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి కోర్టులో దాఖలు చేస్తే, జడ్జి గారు దాన్ని తన ఆర్డరు చేస్తరట. ఆ తర్వాత దాన్ని దాటుడు ఎవరి తరమూ కాదు. పంచాయితీ చెప్పిన పెద్దమనిషిగా నీ సాక్షి సంతకం కావాలె.

ఇంకొక మాట. ఉత్తరం మీద చి.సౌ. అని రాయకు. పోస్టుమన్ చూసి మీ ఆయన ఎప్పుడొస్తడని అడుగుతున్నడు.

చిన్నవ్వకు దండాలు.
నీ గంగు

—

మెట్‌పల్లి,
29 నవంబరు 1984

చి.సౌ. గంగుబాయికి చిన్నబాపు హనుమంతు దీవించి రాసేది.

సౌ. రాయకు అంటివి. చెయ్యి అలవాటు మీద రాసింది. రాసినంక కొట్టేస్తే ఇంకా అశుభం, ఈసారికి ఉండనీ.

నీ ఉత్తరం మీ చిన్నవ్వ శంకరవ్వకు చదివి వినిపిస్తూ సగంలో ఆపిన. మిగతాది మగ్గం అర్రలో కూసొని ఒక్కణ్ణే చదువుకున్న.

ఆ అరుగు మా బాపు కూసున్న అరుగు. దాని మీద తెగిన పంచాయితీ ఇంకో గడప తొక్కలేదు. కోరుట్ల నుంచి వచ్చిన్రు, జగిత్యాల నుంచి వచ్చిన్రు, హనుమంతు చెప్పిండంటే అయిపోయినట్టే అనుకొని పోయిన్రు. ఇప్పుడు నా తీర్పును నా బిడ్డే చంకలో పెట్టుకొని కోర్టుకు పోతదట. రేపు నేను బజారుకు పోతే, సొంత ఇంటి ఆడపిల్లకే ఆయన మాట చాలలేదట అని నవ్వరా? పోలీసులను పంపి కొండల్‌ను కట్టేయిస్తవా? ఎంతైనా నీ బిడ్డకు తండ్రి. ఇట్ల పగ పెట్టుకుంటవనుకోలేదు.

మాట తప్పిన్రు, నిజమే. మరి నేను పోలేదా? వాకిట్ల నిలబడి పిల్లను తోలుమన్న. పోశవ్వ సణిగింది, కొండల్ తల వంచుకున్నడు, నేను స్వరూప చెయ్యి పట్టుకొని బస్సెక్కిన. దీనికన్నా కోర్టు చేసేదేముంది? సంతకం సంగతి మళ్లీ ఎత్తకు.

ఎల్లిపాయ కారం సీసాలో పెట్టి పంపుతున్నది మీ చిన్నవ్వ. స్వరూపకు కారం ఎక్కువైతదేమో, నెయ్యి వేసి పెట్టు.

హనుమంతు

—

కాగజ్‌నగర్,
9 డిసెంబరు 1984

చిన్నబాపుకు దండాలు.

నీకు కోపం వచ్చింది, నీ ఉత్తరం చదివి నాకూ వచ్చింది. చల్లబడ్డంక రాస్తున్న.

పగ ఎక్కడిది? ఇది ఒకరి మీద ఒకరు వేసే కేసు కాదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే దాఖలు అయితది, కొండల్ రానంటే అక్కడనే ఆగిపోతది. పోలీసుల మాట నేను రాయలేదు, నువ్వే అనుకున్నవు.

నీ మాట చిన్నదని కూడా నేను అనలేదు. కానీ నువ్వు సిరిసిల్ల పోయిననాడు నీకు జ్వరం. నాకు చెప్పలేదు. స్వరూప చెప్పింది. "తాత బస్సుల నా ఒళ్లె తలకాయ వెట్టి పన్నడమ్మా, ఒళ్లంత కాలింది" అన్నది. ఏడేండ్ల పిల్ల నిన్ను పట్టుకొని వచ్చిందా, నువ్వు పిల్లను పట్టుకొని వచ్చినవా? చిన్నబాపూ, నీ మాట నీ కాళ్ల మీద నడుస్తున్నది. నువ్వు పోతేనే అది పోతది. నువ్వు పోలేని నాడు నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలె? నువ్వు లేకున్నా నిలబడే మాట కావాలె నాకు. నీ తీర్పు మంచిది, అందుకే దాన్ని కాపాడుకుందామంటున్న.

ఇంకొకటి కూడా చెప్తా. ఆ పంచాయితీనాడు నేను ఎక్కడున్ననో యాదికి ఉందా? మగవాళ్లంతా జంబుఖానా మీద కూసున్నరు. నేను తలుపు చాటున నిలబడి, కన్న బిడ్డ ఎక్కడ ఉండాలెనో మీరు మాట్లాడుకుంటుంటే విన్న. నా తరఫున నువ్వే సరే అన్నవు. నువ్వు మంచిగనే అన్నవు, కాదనను. కానీ కోర్టులో నన్ను పేరు పెట్టి పిలుస్తరట, ఇది నీకు సమ్మతమేనా అని నన్నే అడుగుతరట. ఆ ఒక్క మాట కోసమైనా పోవాలనిపిస్తున్నది.

కారం బాగున్నది. స్వరూప నెయ్యి లేకుండనే తింటున్నది.

గంగు

—

మెట్‌పల్లి,
20 జనవరి 1985

గంగుబాయికి చిన్నబాపు దీవెనలు.

నీ ఉత్తరానికి నెల దాటినా జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. మీ చిన్నవ్వ రోజూ అన్నం పెడుతూ, "పోరి అన్నదాంట్ల తప్పేమున్నది, జర చెప్పు" అని అడుగుతుంటే చివరకు సిరిసిల్ల బస్సెక్కిన. ఈసారి జ్వరం లేదు.

కొండల్ బట్టలు నేసే సాంచాల కార్ఖానలోనే ఉన్నడు. ఆ చప్పుడులో ఏం వినపడదని బయటికి పిలుచుకపోయి నీ సంగతి చెప్పిన. కస్సుమంటడనుకున్న, లేదా తల్లిని అడిగి చెప్తనంటడనుకున్న. ఒంటి మీది దూది దులుపుకున్నడు. తర్వాత అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్న.

"నాకు గూడ గదే భయం మామా. గిప్పుడు నేను తోలలే. రేపు గంగు తోలకపోతే నేనేం జేయాలె? నా పోరి నన్ను మరిచిపోతది. రాయమను, సంతకం వెడ్త."

నేను ఇన్నేండ్లు పంచాయితీలు చెప్పిన, ఒకరికి గెలుపు, ఇంకొకరికి ఓటమి అనుకుంటనే చెప్పిన. వాడూ నీలాగనే భయపడుతున్నడని నాకు తట్టలేదు. ఇంటికి పోతే పోశవ్వ లోపల నుంచి ఏదో అన్నది. ఊకో అవ్వా అన్నడు. కొండల్ నోట ఆ మాట రావడం నేను మొదటిసారి విన్న.

సంతకం పెడుత. కానీ ఒక షరతు. అరుగు మీద నేను ఏ మాట అన్ననో ఆ మాటే కోర్టులో ఉండాలె. మీ వకీలు తన చదువు చూపించుకోవడానికి నా మాటలు మార్చకూడదు.

హనుమంతు

—

కాగజ్‌నగర్,
4 ఫిబ్రవరి 1985

చిన్నబాపుకు వెయ్యి దండాలు.

ఇంకేం రాయాలె? ఉత్తరం చదివి బాల్వాడీ పిల్లలందరికీ బెల్లం పంచిన. ఏం పండుగ టీచర్ అంటే మా చిన్నబాపు ఒప్పుకున్నడని చెప్పిన.

రామచంద్రం కాగితం తయారు చేసిండు. ఒక్క దగ్గర నిన్ను అడగమన్నడు. పీర్ల పండుగ అని కాకుండ దసరా సెలవులు అని రాస్తే బడి లెక్కకు సరిపోతదట. ఈ రెండు మూడేండ్లు పీర్లు, దసరా కలిసే వచ్చినయి కదా, ఎట్ల రాసినా ఒకటే అనుకుంటున్న. నీ ఇష్టం.

గంగు

—

మెట్‌పల్లి,
2 సెప్టెంబరు 1985

చి. గంగుబాయికి చిన్నబాపు దీవించి రాసేది. చూసినవా, సౌ. లేదు.

కోర్టులో నువ్వూ ఉన్నవు, అంతా చూసినవు, అయినా మళ్లీ రాస్తున్న. ఎవరికన్నా చెప్పకపోతే నాకు అన్నం సహిస్తలేదు, ఇక్కడ అందరికీ రెండేసి సార్లు చెప్పిన.

జడ్జి గారు కాగితం చదివిన్రు. పేరు పెట్టి పిలిచి, గంగుబాయి, ఇది నీకు సమ్మతమేనా అని అడిగిన్రు. నువ్వు గొంతెత్తి "సమ్మతమే, నేనే రాయించిన" అన్నవు. అడిగింది ఒకటైతే నువ్వు రెండు చెప్పినవు. ఆ రెండో మాటకు జడ్జి గారు తల ఎత్తి చూసిన్రు. నాకు మా అన్న యాదికి వచ్చిండు. మీ బాపు కూడా అట్లనే అడిగినదానికన్నా ఎక్కువ చెప్పేది. ఉంటే ఎంత మురిసేవాడో.

తర్వాత పీర్ల పండుగ దగ్గర ఆగి, దసరా అని రాయరాదా అని అడిగిన్రు. అక్కడ నేను లేచిన. స్వరూప, పీరుకు ఊదు వేసి మొక్కుకుంటే పుట్టిన పిల్ల. పీరు ఎత్తేది తండ్రి. పీరు ఊరేగింపుకు లేచేనాడు ఆ పిల్ల తండ్రి పక్కన ఉండాలె, దసరానాడు ఉంటే మొక్కు తీరదు అని చెప్పిన. ఆయన నవ్వి, పెద్దమనిషి చెప్పినట్టే ఉండనీ అన్నరు. అరుగు మీద నేనన్న మాట, ఒక్క ముక్క పోకుండ, సర్కారు ముద్రతో ఉన్నది. నకలు తెచ్చుకొని అద్దం కట్టించి మా బాపు పటం పక్కన పెట్టిన.

నేను సిగ్గుపడుతననుకున్న బజారులోనే ఇప్పుడు ఛాతీ విరుచుకొని తిరుగుతున్న. నీ పుణ్యమే.

హనుమంతు

—

కాగజ్‌నగర్,
28 జూలై 1988

చిన్నబాపుకు దండాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నవ్వ రాయించిన కార్డు అందింది.

పరేషానులో ఉండి రాస్తున్న. ఏడాదేడాదికి పీర్లు ముందుకు జరుగుతనే ఉన్నయి. చిన్న తరగతులని బడి మానిపించి పంపుతనే వచ్చిన. ఈసారి ఆగస్టు నడుమకు వచ్చినయి. స్వరూప ఇప్పుడు ఆరో తరగతి. ఖోఖో జట్టులో ఉన్నది. ఆగస్టులోనే ఆదిలాబాదులో జిల్లా పోటీలు. మా బడి నుంచి ఇంత చిన్న పిల్లను తీసుకుంటరని ఎవరూ అనుకోలేదు. పరుగెత్తితే పట్టుకునేటోళ్లు లేరు చిన్నబాపూ, నువ్వు చూడాలె.

ఈసారి పంపను, దసరాకు పంపుత అని కొండల్‌కు రాసిన. వాడు జవాబు రాయకుండ వకీలుతో నోటీసు పంపిండు. కోర్టు ఆర్డరు ప్రకారం పిల్లను అప్పజెప్పాలట, లేకుంటే కోర్టుకు పోతడట. నేను రాయించిన కాగితంతో నన్నే బెదిరిస్తున్నడు. వెనుక పోశవ్వ ఉన్నదని నాకు తెలుసు. మొదటిసారి లెక్క పిల్లను ఉంచుకుంటరేమోనని భయమైతున్నది.

నువ్వొక్క మాట చెప్తే అయిపోతది. పంచాయితీలో నేనన్నది దసరా సెలవులే, రెండూ ఒక్కటే అనుకొని పీర్లు అన్న అని రాసియ్యి. నీ మాట కోర్టు వింటది.

గంగు

—

మెట్‌పల్లి,
4 ఆగస్టు 1988

చి. గంగుబాయికి చిన్నబాపు దీవెనలు.

మోకాలు అట్లనే ఉన్నది. మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలె.

నేను అట్ల రాసియ్యను. నేను పీర్లు అన్న. మీ వకీలు దసరా అన్నడు, జడ్జి గారు దసరా అన్నరు, నేను లేచి నిలబడి పీర్లే అన్న. ఇప్పుడు దసరా అంటే అద్దంలో కట్టించిన నా మాటను నేనే పగలగొట్టినట్టు. పండుగ చంద్రుణ్ణి పట్టుకొని ముందుకు నడుస్తదని చూసుకోలేదు. ఆ తప్పు నాది కాదు, చంద్రునిది అని మీ చిన్నవ్వతో అన్న. ఆమె నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

నాలుగేండ్ల కింద నాకొక ఉత్తరం రాసినవు. నువ్వు లేకున్నా నిలబడే మాట కావాలె అన్నవు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది. ఇప్పుడు ఆ మాట నిలబడ్డది, నీకు ఎదురుగ నిలబడ్డది. కొండల్‌ను మాత్రమే పట్టుకొని నిన్ను విడిచిపెట్టే కాగితమైతే, నా అరుగు మీది పంచాయితీకీ దానికీ ఫరకు ఏమున్నది? నువ్వు ఒక్కసారి దాటితే, రేపు పోశవ్వ దాటిననాడు అడిగే నోరు నీకుండదు.

ఆనాడు నేను పోయి పిల్లను తెచ్చిన. ఇప్పుడు నడవలేను. స్వరూపను నువ్వే తోలుకపో. పండుగ మొదలై పీర్లు కూసున్ననాడు వాళ్ల వాకిట్ల నిలబడి, నీ చేత్తో అప్పజెప్పు. ఆ తర్వాత దినాలు మార్చాలంటే కొండల్‌ను అడుగు, ఇద్దరూ కలిసి జడ్జి గారి దగ్గరికి పోండ్రి. దొంగచాటుగ మార్చకు.

కష్టమే బిడ్డా. నాకు తెలుసు.

హనుమంతు

—

కాగజ్‌నగర్,
11 సెప్టెంబరు 1988

చిన్నబాపుకు, నీ గంగు దండాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే కొట్లాడిన. ఆ తర్వాత స్వరూప బట్టలు సర్దిన. పిల్ల ఏడ్చింది. ఖోఖో బట్టలు కూడా సంచిలో పెట్టుకుంటనంటే వద్దనలేదు, ఎందుకులే అని కూడా అనలేదు. పెద్దపల్లిలో రైలు దిగి, కరీంనగర్‌లో బస్సు మారి, పొద్దుగూకేటప్పటికి సిరిసిల్ల చేరినం.

పుల్ల విరిచినంక ఆ వాకిలి నేను చూడలేదు. పోశవ్వ ముసలిదైంది. నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టింది. కొండల్ పీరుకు పట్టుగుడ్డలు కడుతున్నవాడు లేచి వచ్చిండు.

"నువ్వు తోల్కొస్తవని అనుకోలే" అన్నడు.

"ఆర్డరున్నది. తోల్కొచ్చిన" అన్న.

స్వరూప చెయ్యి విడిచిన. అయినా నా తల దిగలేదు చిన్నబాపూ. దొంగతనం చేసి దాచుకున్న తల్లిని కానని ఆ వాకిట్ల నిలబడ్డప్పుడు నాకు తెలిసింది.

తిరిగి బస్టాండుకు వస్తుంటే కొండల్ వెనుకనే వచ్చిండు. నోటీసు తనే పంపిండట, తల్లి కాదట. ఒక్క ఏడు ఆగితే మరుసటేడు కూడా ఆగుతదని భయమైందట. నేనేమో పిల్లను గుంజుకుంటడనుకున్న. ఎదురుబొదురు కూసొని మాట్లాడుకోక ఇద్దరం ఇంత చేసుకున్నం. సంచిలో ఆ పొట్టి లాగు ఎందుకని అడిగిండు. ఖోఖో సంగతి చెప్పిన. ఆట ఏనాడని అడిగి వెనుకకు మళ్లిండు.

పోటీలనాడు నేను బడి పిల్లలతోనే ఆదిలాబాదు పోయిన, స్వరూప లేకున్నా పోవాలనిపించింది. ఆట మొదలయ్యే ముందర చూస్తే, కొండల్ పిల్లను భుజం మీద ఎక్కించుకొని గేటులోంచి ఉరికొస్తున్నడు. తెల్లారకముందే బస్సెక్కిన్రట. మెట్‌పల్లి బస్టాండులో తాతను చూసి పోదామని పిల్ల మారాం చేసిందట, ఆట అందదని ఆపలేదట. మా జట్టు రెండో ఆటలోనే ఓడిపోయింది. స్వరూపను మాత్రం చివరి దాక ఎవరూ అంటుకోలేదు. కొండల్ గీత దగ్గర నిలబడి అంపైరుతో కొట్లాట పెట్టుకున్నడు. నేను చెయ్యి పట్టి గుంజితే గానీ ఆగలేదు. సాయంత్రం పిల్లను మళ్లీ తీసుకపోయిండు, పీర్లు లేచినంక తనే తెచ్చి దింపిండు.

వచ్చే నెల కరీంనగర్ పోతున్నం, ఇద్దరం కలిసి. పీర్లు లేచేనాడు, దాని ముందటి నాడు స్వరూప తండ్రి దగ్గర ఉంటది, ఊదు వేస్తది. మిగతాది దసరా సెలవుల్లో. మొక్కు పోదు, బడి పోదు. ఈ మాట కొండల్ ఒకటి, నేనొకటి అనుకుంటూ కట్టినం. నీ అద్దంలో కాగితం మార్చాల్సి వస్తది, ఏమనుకోకు.

గంగు

—

మెట్‌పల్లి,
17 ఫిబ్రవరి 1989

పెద్దమనిషి గంగుబాయికి, మెట్‌పల్లి హనుమంతు రాసేది.

తప్పు రాయలేదు, కావాలనే రాసిన. ఎందుకో చెప్త.

కొత్త ఆర్డరు నకలు అందింది. పాతదాన్ని అద్దంలోంచి తీయలేదు, దాని ముందర దీన్ని పెట్టిన. నేను కట్టిన మాట కన్నా మీరిద్దరు కట్టిన మాటే గట్టిగ ఉన్నది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది. మొన్న బజారులో రామవ్వ కొడుకు మీ తీర్పు కోర్టులో మారిందట గదా అని ఎకసెక్కంగ అడిగిండు. మారింది, మార్చింది నా బిడ్డ అని చెప్పి ముందుకు నడిచిన. ఆ రోజు మోకాలి నొప్పి కూడా తెలవలేదు.

ఇప్పుడు అరుగు మీద పిల్లల సంగతి ఏది వచ్చినా, మాట తెగంగనే వకీలు రామచంద్రానికి చిట్టీ రాసి చేతిలో పెట్టి కరీంనగర్ బస్సెక్కిస్తున్న. కొందరు గొణుగుతున్నరు, గొణగనీ.

అసలు పని చెప్త. వచ్చే ఆదివారం కోరుట్ల వాళ్ల పంచాయితీ ఉన్నది. మగడు బొంబాయి దిక్కు భీవండిలో, పెండ్లాం ఇక్కడ, నడుమ ఇద్దరు పిల్లలు. మొన్న ఒకసారి వస్తే ఆ పోరి తలుపు చాటున నిలబడి ఏడ్చింది. నాలుగు మాటలు అడిగిన, ఒక్కదానికి బదులు చెప్పలేదు. నాకు చెప్పదు, నీకు చెప్తది. కుల పెద్దలందరికీ చెప్పిన, ఈ పంచాయితీకి గంగుబాయి వస్తున్నదని. ఆడామె అరుగెక్కుతదా అని ఒకరిద్దరు అడిగిన్రు. జడ్జి గారే పేరు పెట్టి పిలిచి అడిగిన మనిషిని మనం పిలువొద్దా అన్న.

శనివారమే రా. స్వరూపను కూడా తీసుకరా, ఆ పరుగేందో నేనూ చూడాలె. మీ చిన్నవ్వ జంబుఖానా ఉతికి ఆరేసింది. నువ్వు ఆ పోరిని చెయ్యి పట్టుకొని తలుపు చాటు నుంచి తీసుకొచ్చి, నా కుడిపక్కన కూసో.

నీ చిన్నబాపు
హనుమంతు